పేర్లు రాసివ్వమన్నప్పుడు

ప్రశ్న: మేడమ్ గారికి వందనాలు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. మూడు తరాలుగా లూథరన్ సంఘస్థులం. నేను పన్నెండేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. కెమెరాలో పడిన ముఖాన్ని ఫొటోతో సరిపోల్చే ప్రోగ్రాములు మా కంపెనీ తయారుచేస్తుంది. ఇన్నాళ్లూ ఆఫీసుల్లో హాజరు వేయడం వంటి పనులే చేశాం. రెండు నెలల క్రితం ఒక విదేశీ ప్రభుత్వ శాఖ నుంచి కాంట్రాక్టు వచ్చింది. ప్రార్థనా స్థలాల బయట, సభలు జరిగే మైదానాల దగ్గర కెమెరాలు పెడతారట. అక్కడికి పదేపదే వచ్చేవాళ్లను గుర్తుపట్టి పేర్లతో జాబితా ఇచ్చే భాగం నన్ను రాయమన్నారు. మేనేజరును అడిగితే, "మనం కత్తి తయారుచేస్తాం, దాంతో కూర తరుగుతారో పీక కోస్తారో వాళ్ల ఇష్టం" అన్నారు. ఊరికి వెళ్లినప్పుడు మా పాస్టరు అయ్యగారిని అడిగాను. రోమా పత్రిక 13వ అధ్యాయం తీసి, అధికారులకు లోబడమని వాక్యం ఉంది గదా అన్నారు. మా అమ్మ ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం తీసి, ఇది మృగం ముద్ర, రేపే మానేయమంటోంది. ఇంటి అప్పు ఇంకా పద్నాలుగేళ్లు ఉందని నా భార్య గుర్తుచేసింది. ఈ పని చేస్తే పాపమా, చేయనంటే పాపమా? (పేరు రాయవద్దు, హైదరాబాదు)

సమాధానం: మీవాళ్లలో ఇద్దరు పదమూడో అధ్యాయాలు తీశారు, ఒకరు బ్యాంకు పాసుపుస్తకం తీశారు. ఆ పాసుపుస్తకాన్ని తక్కువగా చూడకండి. నెలనెలా వాయిదా కట్టే ఇల్లాలికి భయం ఉందంటే విశ్వాసం లేదని కాదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు నా అభిప్రాయం దాచకుండా చెప్పేస్తాను: ఆ భాగం మీరు రాయకూడదు. ఎందుకు రాయకూడదో, రాయనని ఎలా చెప్పాలో వివరించాలి కాబట్టి జవాబు పొడవవుతుంది. ఓపిక పట్టండి.

నేను బోధకురాలిని కాను. ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. వాక్యం విప్పి చెప్పడంలో మీ అయ్యగారితో పోటీపడలేను. కానీ మీరు లూథరన్లమని రాశారు. 1842లో గుంటూరులో మిషను మొదలుపెట్టిన హయ్యర్‌ను పంపింది అమెరికా సంఘమే అయినా ఆయన పుట్టింది జర్మనీలో. కాబట్టి ఆ దేశపు చర్చిలో 1933 తర్వాత ఏమి జరిగిందన్నది మీకు దూరపు చుట్టాల కథ అనుకుని వినండి.

హిట్లర్ గద్దెనెక్కి రెండు నెలలు దాటగానే, 1933 ఏప్రిల్ 7న, ఆర్యులు కానివాళ్లను ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తీసేసే చట్టం వచ్చింది. తాతలు, నానమ్మ అమ్మమ్మలు నలుగురిలో ఒక్కరు యూదులైనా చాలు. సరే, ఎవరి నానమ్మ ఎవరో రుజువు ఎక్కడ దొరుకుతుంది? జర్మనీ అంతటా పుట్టుకలను సర్కారు నమోదు చేయడం 1876లో గాని మొదలు కాలేదు. అంతకుముందు పుట్టినవాళ్ల వివరాలు ఉన్నది చర్చి బీరువాల్లో, బాప్తిస్మపు పుస్తకాల్లో. దాంతో పాస్టర్ల గదులు సర్టిఫికెట్లు ఇచ్చే కౌంటర్లుగా మారిపోయాయి. అలా రాసిచ్చినవాళ్లందరూ రాక్షసులు కారు. అడిగారు, రికార్డు ఉంది, చూసి రాసిచ్చారు. అంతే.

బెర్లిన్‌లో కార్ల్ టేమెల్ అనే పాస్టరు మాత్రం అక్కడితో ఆగలేదు. నాజీలను నెత్తిన పెట్టుకున్న 'జర్మన్ క్రైస్తవులు' అనే వర్గానికి చెందినవాడు. నగరంలోని పాత సంఘాల పుస్తకాలను 1936 నుంచి ఒకచోటికి చేర్పించి, వాటిలో బాప్తిస్మం పుచ్చుకున్న యూదులను ఏరించి, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు రాయించాడు. అందులో దొరికిన పేర్లు సర్కారువారి వంశ పరిశోధన కార్యాలయానికి చేరాయి. ఆ కార్డుల్లోని ప్రతి పేరునూ ఒకనాడు ఎవరో పాస్టరు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్లు పోసి, సంతోషంగా పుస్తకానికి ఎక్కించి ఉంటాడు. చేర్చుకోవడానికి రాసిన పుస్తకం వెలివేయడానికి పనికొచ్చింది. ఈ విషయం క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు కొంచెం పట్టేసేది.

అప్పుడు మీ వృత్తివాళ్లూ ఉన్నారు. 1933 జూన్ 16న జరిగిన జనాభా లెక్కలను ఐబీఎం వారి జర్మన్ అనుబంధ సంస్థ డెహోమాగ్ చిల్లుల కార్డుల మీదికి ఎక్కించింది. అందులో మతానికీ ఒక గడి ఉంది. 1939 మే నెల లెక్కలకు వచ్చేసరికి, తాతలు, నానమ్మ అమ్మమ్మల్లో ఎవరు యూదులో రాయడానికి విడిగా ఒక కాగితమే ఇచ్చారు. చిల్లులు పొడిచిన ఆపరేటరుకు అది రోజుకూలి. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మీ మేనేజరు చెప్పిన కత్తి పోలిక ఇక్కడే తేలిపోతుంది. కమ్మరి కత్తి చేసి అంగట్లో పెడితే ఆ మాట చెల్లుతుంది. మీకు వచ్చిన ఆర్డరులో ఎవరి పీకో ముందే రాసి ఉంది: ప్రార్థనకు వచ్చేవాళ్లది, సభకు వచ్చేవాళ్లది.

కాగితం మీది ఒక గడి మనిషిని ఏమి చేయగలదో తెలుగు క్రైస్తవులకు ఒకరు చెప్పాలా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం, బాప్తిస్మం పుచ్చుకున్న మాల, మాదిగ బిడ్డలు షెడ్యూల్డు కులాల జాబితాలోంచి జారిపోతారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు గాని క్రైస్తవులకు తెరవలేదు. మన దగ్గర వాళ్లు బీసీ-సీ కింద లెక్క. అందుకే ఆదివారం మందిరంలో ఒక పేరు, సోమవారం బడి రికార్డులో మరో పేరు. మతం అన్న గడి దగ్గర కలం ఆగిపోయిన చేతులు మీ సంఘంలోనే ఎన్నో ఉంటాయి. ఆ చేతుల మధ్య పెరిగిన మీరు ఇంకో దేశంలో ఇంకెవరికో అలాంటి గడి గీయబోతున్నారు. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఇక అయ్యగారి వాక్యం. "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను." పౌలు రాసిన మాటే, కొట్టివేయలేం. జర్మనీలోనూ ఇదే వచనాన్ని పట్టుకుని వేలమంది పాస్టర్లు తలవంచారు. దానికి అక్కడి క్రైస్తవులే ఇచ్చిన మంచి జవాబు 1934 మే 29 నుంచి 31 వరకు బార్మెన్ పట్టణంలో జరిగిన సభ ప్రకటన. దాని ముసాయిదా వెనుక ఒక పిట్టకథ ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక హోటల్లో ముగ్గురు కూర్చున్నారు: ఇద్దరు లూథరన్లు, రిఫార్మ్‌డ్ అనే మరో ప్రొటెస్టెంటు శాఖకు చెందిన వేదాంత పండితుడు కార్ల్ బార్త్. మధ్యాహ్నం భోంచేసి లూథరన్లు ఇద్దరూ కునుకు తీశారట. గట్టి కాఫీ, బ్రెజిల్ చుట్ట పెట్టుకుని బార్త్ మేలుకుని రాసేశాడట. చెప్పింది బార్తే కాబట్టి కొంత మసాలా ఉండవచ్చు. మీ సంఘంలో ఎవరితోనైనా చెప్పేటప్పుడు కాస్త చూసుకుని చెప్పండి.

ఆ ప్రకటనలో ఐదో అంశం మీకు పనికొస్తుంది. న్యాయం, శాంతి కాపాడే పనిని దేవుడే రాజ్యానికి అప్పగించాడని అది ఒప్పుకుంటుంది. అంటే రోమా 13ను తోసిపుచ్చలేదు. కానీ రాజ్యం తన పని దాటి మనిషి బతుకంతటికీ తానే ఏకైక వ్యవస్థనంటే ఒప్పుకోం అంటుంది. ఎవరు ఎక్కడ మోకరిస్తున్నారో, ఎన్నిసార్లు మోకరిస్తున్నారో లెక్క పెట్టించే రాజ్యం తన హద్దు దాటింది. హిట్లర్‌కు బేషరతుగా విధేయత ప్రమాణం చేయనన్నందుకు బార్త్ బాన్ విశ్వవిద్యాలయంలో కొలువు పోగొట్టుకున్నాడు.

బార్మెన్‌ను నేను ఊరికే పొగడను. అందులో యూదుల గురించి ఒక్క ముక్క లేదు. చర్చి తన స్వేచ్ఛ కోసం గట్టిగా నిలబడింది, వాకిట్లో లాక్కుపోతున్న పొరుగువాడి ఊసెత్తలేదు. ఆ లోటు తన తప్పేనని బార్త్ ముసలితనంలో ఒప్పుకున్నాడు. అందుకే "ఇది చేస్తే నాకు పాపమా" అన్న మీ ప్రశ్నను కొంచెం జరపమంటున్నాను. దీనివల్ల ఎవరికి కీడు అని అడగండి. పౌలు కూడా అదే అధ్యాయంలో, లోబడమన్న మాట తర్వాత పదో వచనానికి వచ్చేసరికి, "ప్రేమ పొరుగువానికి కీడు చేయదు" అంటాడు. అయ్యగారు ఒకటో వచనం దగ్గర ఆగిపోయారు, అంతే తేడా.

మీ అమ్మగారి మాటకు వస్తాను. బార్‌కోడ్ వచ్చినప్పుడు మృగం వచ్చిందన్నారు, ఆధార్ వచ్చినప్పుడు అన్నారు, కరోనా టీకా వచ్చినప్పుడూ అన్నారు. అలా అన్న పెద్దలను నేను ఎరుగుదును, కొందరు నా బంధువులే. ప్రకటన గ్రంథంలో యోహాను రాసింది రోమా చక్రవర్తికి మొక్కకపోతే సంతలో కొనడం, అమ్మడం కూడా కుదరని మనుషుల కోసం. యంత్రం గురించి కాదు, మొక్కించుకునే అధికారం గురించి. అందుచేత అమ్మగారు వాసన సరిగ్గానే పట్టారు, చిరునామా తప్పు చెప్పారు. ఆవిడ భయం మీ నొసటి మీద ఎవరో ముద్ర వేస్తారని. ఇక్కడ ముద్ర పట్టుకుని నిలబడింది మీరు.

జాబితా ఇవ్వనన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే ఉన్నారు. ఫ్రాన్సు కొండల్లో ల షాంబోన్ అనే పల్లె ఉంది. ఒకప్పుడు తమ ప్రొటెస్టెంటు విశ్వాసం కోసం రాజుల చేత వేటాడబడిన హ్యూగెనోల మనవలు, మునిమనవల ఊరు. 1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయిన మరునాడు, ఆదివారం ఆరాధనలో పాస్టర్లు ఆంద్రే ట్రోక్మే, ఎడ్వార్ తెయీస్ ఒక మాట చెప్పారు: మన మనస్సాక్షి మీద జరిగే బలవంతాన్ని ఆత్మ ఆయుధాలతో ఎదిరించడం క్రైస్తవుల విధి. ఆ తర్వాత నాలుగేళ్లపాటు ఆ పీఠభూమి మీది ఇళ్లలో, పశువుల కొట్టాల్లో, పిల్లల హాస్టళ్లలో వేలమందికి ఆశ్రయం దొరికింది. వాళ్లలో చాలామంది యూదులు.

1942 ఆగస్టులో, జర్మనీకి తలవంచి నడిచిన విషీ అనే ఫ్రెంచి ప్రభుత్వపు మంత్రి ఒకరు ఊరికి వచ్చాడు. బడి పిల్లలు కొందరు ఆయన చేతిలో ఉత్తరం పెట్టారు: మా మధ్య యూదులున్నారు, మేము తేడా చూడము, వాళ్లను పంపించేయమని ఆజ్ఞ వస్తే మేము దాచిపెడతాం. వెంట వచ్చిన జిల్లా అధికారికి కోపం వచ్చింది. తర్వాత పోలీసులు యూదుల పేర్లు రాసివ్వమని ట్రోక్మేను అడిగారు. ఆయన ఇచ్చిన జవాబు ఇదని చెబుతారు: "యూదుడంటే ఎవరో మాకు తెలియదు. మాకు తెలిసింది మనుషులే." బస్సులు తెచ్చుకుని ఊరంతా గాలించినా పోలీసుల చేతికి దాదాపు ఎవరూ చిక్కలేదు.

ట్రోక్మేకు వాళ్ల పేర్లు నిజంగా తెలుసు, అది గమనించండి. జాబితా రాసే తెలివి, కాగితం, కలం అన్నీ ఉన్నాయి. చేయలేక ఊరుకోలేదు, చేయనన్నాడు. 1943 ఫిబ్రవరిలో అరెస్టయ్యాడు. నెల తర్వాత, విషీ ప్రభుత్వాధినేత మార్షల్ పెటేన్ ఆజ్ఞలకు కట్టుబడతానని సంతకం పెడితే ఇంటికి పోవచ్చన్నారు. పెట్టనన్నాడు. ఎందుకో మరునాడు సంతకం లేకుండానే వదిలేశారు. అన్నీ ఇలా సుఖంగా ముగిసిపోలేదు. ఆ ఊళ్లోనే విద్యార్థుల వసతి గృహం చూసుకునే ఆయన బంధువు దానియేల్ ట్రోక్మేను పిల్లలతో పాటు పట్టుకుపోయారు. 1944లో మైదానెక్ శిబిరంలో చనిపోయాడు.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. 1942 జూలై 26న హాలండులో కథోలిక బిషపులు యూదుల తరలింపును ఖండిస్తూ రాసిన లేఖను చర్చిలన్నిటిలో చదివించారు. సరిగ్గా వారం తిరిగేసరికి నాజీలు పగబట్టి, కథోలికులైన యూదులను ఇళ్లలోంచి, మఠాల్లోంచి పట్టుకుపోయారు. వాళ్లలో సన్యాసిని ఎడిత్ స్టైన్ ఒకరు. ఆగస్టు 9న ఆష్‌విట్జ్‌లో చంపేశారు. నోరు విప్పింది బిషపులు, వెల చెల్లించింది వేరేవాళ్లు. అయితే బిషపులు మౌనంగా ఉండవలసిందా? నేను అలా అనలేను. కాదనే ముందు, ఆ కాదన్నందుకు దెబ్బ ఎవరి వీపు మీద పడుతుందో ఒకసారి లెక్క వేసుకోమంటాను. మీ విషయంలో ఆ వీపు మీదీ, మీ ఇంటివాళ్లదీ. అందుకే పాసుపుస్తకాన్ని తక్కువగా చూడవద్దన్నాను.

ఇప్పుడు మీరు చేయవలసిన పనులు. మొదటిది, ఎంత మనసు లాగినా చేయకూడనిది ఒకటుంది. పని ఒప్పుకుని, లోపల తప్పులు పెట్టి, నడవకుండా చేద్దామని మీకు ఈపాటికి అనిపించి ఉంటుంది. ఇంజనీర్లకు వచ్చే ఆలోచనే. సగం సగం పనిచేసే ముఖాల ప్రోగ్రాము ఎవరినీ కాపాడదు, సంబంధం లేనివాళ్లను జాబితాలోకి ఈడుస్తుంది. బాగా రాసిన ప్రోగ్రాములే పొరబడతాయి. 2019లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 189 ప్రోగ్రాములను పరీక్షిస్తే, చాలావాటిలో ఆసియా, ఆఫ్రికా మూలాల వాళ్ల ముఖాల దగ్గర ఒకరిని చూసి మరొకరనుకోవడం తెల్లవాళ్ల ముఖాలతో పోలిస్తే పది రెట్ల నుంచి వంద రెట్ల వరకు ఎక్కువగా కనిపించింది. మీరు కావాలని చెడగొట్టింది ఎవరి మెడకు చుట్టుకుంటుందో మీకు కూడా తెలియదు. నిర్గమకాండంలో, పుట్టిన మగబిడ్డలను చంపమన్న ఫరోకు మంత్రసానులు షిఫ్రా, పూయా అబద్ధం చెప్పారు నిజమే, కానీ వాళ్ల చేతుల్లోని బిడ్డలు బతికారు. ఆ తేడా చూసుకోండి.

రెండోది, నోటితో కాకుండా రాతపూర్వకంగా అడగండి. జాబితాలోకి ఎక్కిన మనిషిని ఏమి చేస్తారు? పొరపాటున ఎక్కితే తీసేయించుకునే దారి ఉందా? కాంట్రాక్టులో దీనికి ఏ షరతు ఉంది? కోపం లేని నాలుగు వాక్యాల ఉత్తరం చాలు. చాలా ఆఫీసుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్లే పని సాగిపోతుంది. అదే ఉత్తరంలో మరో ప్రాజెక్టుకు మార్చమని కోరండి. క్రైస్తవుణ్ణి కాబట్టి చేయను అని ఒక్క వాక్యం రాస్తే తప్పు లేదు, ప్రసంగం మాత్రం వద్దు.

మూడోది, ఒంటరిగా వెళ్లకండి. మీ గదిలోనే ఇదే బాధ పడుతున్న ముస్లిం కుర్రాడో, ఏ దేవుణ్ణీ నమ్మని అమ్మాయో ఉండవచ్చు. 2018లో అమెరికా సైన్యం డ్రోన్ల వీడియోలను విశ్లేషించే పని వద్దని గూగుల్ ఉద్యోగులు వేలమంది సంతకాలు పెడితే, కంపెనీ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. అదే కంపెనీ 2024లో ఇజ్రాయెల్ ప్రభుత్వ కాంట్రాక్టు మీద ఆఫీసులో బైఠాయించిన సందర్భంలో మొదటి విడతలోనే 28 మందిని తీసేసింది. రెండూ తెలిసే అడుగు వేయండి.

చట్టం కాపాడుతుందా అంటే, కొంతవరకే. జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడి నోరు మెదపని ముగ్గురు పిల్లలను కేరళలో ఒక బడి పంపించేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల మనస్సాక్షిని నిలబెట్టింది. తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ పిల్లలు యెహోవా సాక్షులు అనే శాఖవాళ్లు, ఇంటింటికీ వచ్చి బోధించేవాళ్లు. గేటు దగ్గరే చేతులు జోడించి మనం వెనక్కి పంపేసే ఆ సాక్షులే, హిట్లర్ శిబిరాల్లో ఊదారంగు త్రికోణం గుర్తుతో ఉండి, విశ్వాసం వదులుకున్నామని ఒక కాగితం మీద సంతకం పెడితే విడుదల చేస్తామన్నా చాలామంది పెట్టలేదు. వాళ్ల సిద్ధాంతం నాకు రుచించదు, కానీ ఈ విషయంలో వాళ్ల ముందు మన లూథరన్, బాప్టిస్టు గొప్పలు నిలవవు. ఆ తీర్పు ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి గొడుగు పడుతుందని మాత్రం అనుకోకండి. నియామక పత్రం తీసుకుని తెలిసిన లాయరుకు ఒకసారి చూపించండి.

నాలుగోది మీ భార్యతో కూర్చోవడం. "దేవుడు నాతో చెప్పాడు" అని మొదలుపెట్టకండి, ఆ మాటకు ఎదురు చెప్పే వీలు ఆమెకు ఉండదు. చేతిలో ఎన్ని నెలల వాయిదాలకు డబ్బుంది, అప్పు గడువు పెంచుకోవచ్చా, మరో కొలువు దొరకడానికి ఎంత పడుతుంది, ఇవి కాగితం మీద ఇద్దరూ రాసుకోండి. ఉద్యోగం వెతకడం ఈ వారమే మొదలుపెట్టండి, రాజీనామా చివర. వేరే ప్రాజెక్టు ఇస్తే అక్కడే ఉండవచ్చు. ఇవ్వకపోతే, ఆ పని మాత్రం చేతిలోకి తీసుకోకుండా, బయటకు వచ్చే రోజు ఏదో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు హైదరాబాదులో తలుపులు పూర్తిగా మూసుకుపోవు. జీతం కొంత తగ్గవచ్చు. ఆ తగ్గుదల ఎంతవరకు భరించగలరన్న మాట ఆమె నోట రావాలి.

అయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు, మీ సంఘపు బాప్తిస్మపు రిజిస్టరు ఎవరి బీరువాలో ఉందో, తాళం ఎవరి దగ్గర ఉందో అడగండి. వాట్సాప్ గ్రూపులో సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, ప్రార్థన మనవులు ఎవరెవరికి కనిపిస్తున్నాయో కూడా అడగండి. తర్వాత మెల్లగా, "రేపు ఎవరైనా వచ్చి ఆ రిజిస్టరు జెరాక్సు ఇమ్మంటే ఏమి చేస్తారు అయ్యగారూ?" అనండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.